చిన్న కీబోర్డు, పెద్ద అక్షరమాల

కంప్యూటరు ఇంటింటికి రాకమునుపు కర్నూలు, కడప పట్టణములలో టైపు ఇన్‌స్టిట్యూట్లు వేకువనే తెరచి, రాత్రి ప్రొద్దుపోయిన పిదప మూసెడివి. పదవ తరగతి ముగించిన పిల్లలును, కొలువు కోరు యువకులును గంటకొక బ్యాచి చొప్పున వచ్చి, రెమింగ్టన్, గోద్రెజ్, హాల్డా యంత్రముల ముందు వీపు నిటారుగ నిలిపి కూర్చుండి, ‘ఏ ఎస్ డి ఎఫ్’ అను అక్షరములను పుటలకొలది కొట్టి, మొదట లోయరు పరీక్షకు, తరువాత హయ్యరు పరీక్షకు సిద్ధపడెడివారు. 1953 అక్టోబరు 1 మొదలు 1956 నవంబరు 1 వరకు ఆంధ్ర రాష్ట్రమునకు రాజధానిగ నుండి, కార్యాలయములను డేరాలలో నడిపిన అనుభవము గల కర్నూలునకు, గుమాస్తా వ్రేళ్లు పరిపాలనకు ఎంత యవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ యంత్రములు పాత ఇనుము కొట్లకు చేరిన చాలకాలమునకు, చప్పుడు చేయు మీటలు మరియొక రూపమున తిరిగి వచ్చినవి. 2008లో స్థాపితమైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయమునకు చెందిన ఇడుపులపాయ ప్రాంగణమునందో, 2015లో ఆరంభమై జగన్నాథగట్టుపై నెలకొనిన కర్నూలు ట్రిపుల్ ఐటీయందో చదువుకొను యువకుడు, ల్యాప్‌టాపు ప్రక్కన పెట్టుకొనుటకు జానెడున్నర పొడవైన మెకానికల్ కీబోర్డు నొకదానిని కొనగోరుట నేడు వింత కాదు. సాయంకాలము ఆటకును, పగలు చదువునకు, వ్రాతకును ఒక్కటే చాలునని అతని యాశ. ఆ యాశ ఎంతవరకు తీరునను ప్రశ్నకు లోకమున దొరకు సమాధానములు చాలవరకు ఇంగ్లీషు వ్రాయువారి వ్రేళ్లతో పరీక్షించి చెప్పినవి. తెలుగు వ్రాయువానికి అవి కొంత దూరము మాత్రమే దారి చూపగలవు. ఏలయన, కీబోర్డును కుదించునపుడు ఇంగ్లీషువారు అనవసరమని తొలగించిన మీట యొకటి మన అక్షరమాలలో నిత్యము పనికివచ్చు స్వరమునకు స్థానము.

మీట క్రింద నేమున్నది

మెకానికల్, కాంపాక్ట్, ప్రోగ్రామబుల్ అను మూడు గుణములను అంగడివారు ఒక్క ఊపిరిలో చెప్పుదురు గాని, అవి ఒకదానితో నొకటి ముడిపడినవి కావు. మొదటిది స్పర్శకు సంబంధించినది, రెండవది కొలతకు, మూడవది మీటలకు అర్థము నిర్ణయించు అధికారమునకు. మూడింటిని విడదీసి చూడనిచో కొనుగోలులో తప్పక పొరపాటు జరుగును.

కంప్యూటరుతోబాటు వచ్చు సాధారణపు కీబోర్డున మీటలన్నింటి క్రింద ఒకే రబ్బరు పొర పరచియుండును. మీట నొక్కినపుడు పొరలోని బుడిపె క్రుంగి, దిగువనున్న ప్లాస్టిక్ రేకులపై ముద్రించిన వాహకరేఖలను ఒకదాని కొకటి తాకించును. అక్షరము పడవలెనన్న మీట ఇంచుమించు అడుగంట దిగవలసినదే. ఏండ్లు గడచినకొలది రబ్బరు బిరుసెక్కియో, మెత్తబడియో స్పర్శ మారిపోవును.

మెకానికల్ కీబోర్డున ప్రతి మీటకును సొంతముగ నొక స్విచ్చి యుండును. దానిలో క్రిందికి జారు కాడ, దానిని తిరిగి పైకి నెట్టు స్ప్రింగు, కాడ దారి తొలగగానే కలిసికొను లోహపు రేకులు రెండు ఉండును. జర్మనీ దేశపు చెర్రీ సంస్థ 1980 దశకపు మధ్యభాగమున వెలువరించిన ఎంఎక్స్ స్విచ్చి నేటి వానిలో అధికభాగమునకు మూలరూపము. దాని పేటెంటు గడువు తీరిన పిమ్మట చైనాలో గేటెరాన్, కైల్, ఔటెము మున్నగు పేర్లతో అదే యాకృతిగల స్విచ్చులు వచ్చి వెలను తగ్గించినవి. అందు కాడ మొత్తము 4 మిల్లీమీటర్లు దిగును గాని, 2 మిల్లీమీటర్ల లోతుననే అక్షరము పడును. ఎఱ్ఱ స్విచ్చికి 45 సెంటీన్యూటన్ల బలము చాలును, అనగా ఇంచుమించు 46 గ్రాముల బరువు. గోధుమరంగు దానికి 55, నీలిదానికి 60 సెంటీన్యూటన్లు కావలెను. ఎఱ్ఱది ఎక్కడను అడ్డుతగలక నున్నగ జారును. గోధుమరంగు దానిలో సగము దారిన చిన్న గుబ్బ వ్రేలికి తగిలి, అక్షరము పడినదని తెలుపును. నీలిది ఆ సంగతిని టక్కుమని చెవికి గూడ చెప్పును.

చేతితో కొట్టు టైపురైటరునకు దీనికి అనేక రెట్లు బలము అవసరమయ్యెడిది. అక్కడ అచ్చుగుండును కాగితముపైకి విసరునది వ్రేలే. ఐబీఎం సంస్థ 1985లో వెలువరించిన మోడల్ ఎం కీబోర్డు, స్ప్రింగు ఒక్కసారిగ ప్రక్కకు వంగునపుడు పుట్టు స్పష్టమైన తాకిడితో, విద్యుత్ యుగమున ఆ పాత అనుభూతిని కొంతవరకు నిలిపినది. ఇన్‌స్టిట్యూటులో నేర్చిన పెద్దవారికి మెకానికల్ కీబోర్డు తొలిదినమే చేతికి పొసగుటకు కారణము ఇదియే: మీట ఎక్కడ పని చేసినదో వ్రేలికి తెలిసినపుడు కంటికి ఆ పని తగ్గును.

ఏమి తీసివేసిరి

మీటకు మీటకు నడుమ దూరము 19.05 మిల్లీమీటర్లు, అనగా అంగుళములో ముప్పాతిక. కీబోర్డు ఎంత చిన్నదైనను ఈ కొలత సామాన్యముగ మారదు గావున, చిన్న కీబోర్డున వ్రేళ్లు ఇరుకున పడునను భయము నిరాధారము. కుదించుట మీటల పరిమాణమును గాదు, మీటల సంఖ్యను. 104 మీటల పూర్ణ కీబోర్డు అడ్డముగ ఇరువదిరెండున్నర మీటల వెడల్పు, అనగా సుమారు 43 సెంటీమీటర్లు. కుడిప్రక్కనున్న అంకెల గుంపును తీసివేసినచో 87 మీటలు, ముప్పదియైదు సెంటీమీటర్లు మిగులును. బాణపు గుర్తులు, హోమ్, ఎండ్, పేజీలు త్రిప్పు మీటలు, పైవరుసలోని ఎఫ్1 మొదలు ఎఫ్12 వరకు గల మీటలు గూడ పోయినచో 61 మీటల కీబోర్డు, సుమారు 29 సెంటీమీటర్లు. దీనినే అరువది శాతపుది యందురు. బాణపు గుర్తులు మాత్రము నిలుపుకొన్న అరువదియైదు శాతపుది దీనికి అన్న.

ఈ కుదింపు నేటి ఆటగాండ్ర వేడుక మాత్రమే కాదు. టోక్యో విశ్వవిద్యాలయ ఆచార్యులు ఎయితి వాదా, కంప్యూటరు కంప్యూటరునకు మీటల అమరిక మారుటచే విసిగి, ప్రోగ్రాములు వ్రాయువానికి నిజముగ కావలసిన మీటలెన్ని యని లెక్కించి రూపొందించిన హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు 1996లోనే జపానున వెలువడినది. దానికి మీటలు 60. తీసివేసిన మీటల పనిని ‘ఫంక్షన్’ అను మీటతో జంటగ నొక్కి సాధింపవచ్చునని ఆయన చూపెను. ఆ సూత్రమే నేటికిని నడచుచున్నది.

ఆట మాట

కీబోర్డుతో ఆడు ఆటలలో ఎడమచేతి మూడు వ్రేళ్లు డబ్ల్యు, ఏ, ఎస్, డి మీటలపై నిలిచి పాత్రను నడిపించును. కుడిచేయి మౌసుతో గురిచూచును. అంకెల గుంపునకు అక్కడ పని లేదు. అది తొలగినచో మౌసునకు ఎనిమిది సెంటీమీటర్ల చోటు కలసివచ్చును. కుడిభుజము వెలుపలికి చాచుట తగ్గి దేహమునకు దగ్గరగ నిలుచును. మౌసును నిదానపు వేగమున నుంచి మొత్తము చేతిని కదల్చి గురిచూచువానికి ఇది ప్రత్యక్షలాభము. చిన్న కీబోర్డు ఆటకు తగినదా యనిన, తగినదనియే చెప్పవలెను. ఆ మేలు అధికభాగము చోటు వలన వచ్చినది.

వేగమును గూర్చి అంగడిలో వినవచ్చు మాటలను మాత్రము లెక్కవేసి చూడవలెను. పాత కీబోర్డు తన సంగతిని కంప్యూటరునకు సెకనుకు 125 సార్లు, అనగా 8 మిల్లీసెకన్లకొకసారి చెప్పుచుండును. ఆటకై చేసినది 1000 సార్లు చెప్పును. సగటున మిగులు కాలము మూడున్నర మిల్లీసెకన్లు. లోహపు రేకులు కలియునపుడు క్షణకాలము ఎగిరెగిరి తాకుచుండును గావున, ఆ కంపనమంతయు ఒక్క నొక్కుగనే లెక్కింపబడుటకు కీబోర్డు ఐదు మిల్లీసెకన్ల వరకు వేచియుండుట పరిపాటి. కన్ను చూచినదానికి వ్రేలు స్పందించుటకు మనిషికి పట్టు కాలమో సుమారు 200 మిల్లీసెకన్లు. కర్నూలునుండి దూరపు సర్వరునకు సంకేతము పోయివచ్చుటకు పదులకొలది మిల్లీసెకన్లు. ఇన్నింటి నడుమ మూడున్నర మిల్లీసెకన్లు ఆటగాని భాగ్యమును మార్చుట అరుదు.

నిజముగ తేడా తెచ్చునవి రెండు. మొదటిది, ఒక్కసారి పెక్కు మీటలు నొక్కినను అన్నియు చేరుట. కీబోర్డులోని స్విచ్చులు అడ్డునిలువు తీగల వలయందు అల్లియుండును. ఒక్కొక్క స్విచ్చికి ఒక డయోడు లేనిచో, మూడు మీటలు నొక్కినపుడు నొక్కని నాలుగవది గూడ నొక్కినట్లు భ్రమ కలుగవచ్చును. ఆ భ్రమను తప్పించుటకై చవుక కీబోర్డులు కొన్ని జోడింపులను వినకయే విడిచిపెట్టును. మంచి మెకానికల్ కీబోర్డులో ప్రతి స్విచ్చికి డయోడుండును గావున పరుగెత్తుచు, వంగుచు, ఎగురుచు ఆయుధము మార్చినను ఏ మీటయు పోదు.

రెండవది అయస్కాంతపు స్విచ్చి. ఎడ్విన్ హాల్ 1879లో కనుగొనిన ప్రభావమును ఆధారము చేసికొని, కాడలోని అయస్కాంతము ఎంత దిగినదో అడుగడుగున కొలుచు ఈ స్విచ్చులలో రేకులు తాకుట యనునది లేదు. 1960 దశకపు చివర హనీవెల్ సంస్థ వీనితో కీబోర్డులు చేసినది. ఇటీవల నెదర్లాండ్సుకు చెందిన వూటింగ్ వాటిని ఆటగాండ్రకు తిరిగి పరిచయము చేసినది. వ్రేలు పైకి లేవనారంభించిన మరుక్షణమే మీట విడిచినట్లు గ్రహించుటచేత, పరుగును చప్పున ఆపి తిరిగి గురిచూడవలసిన ఆటలలో దీని మేలు స్పష్టముగ తెలియును. అయితే యంత్రము ఆటగాని నేర్పునకు బదులు నిలువరాదు గదా! ఎదురెదురు దిక్కుల మీటలు రెండు ఒక్కసారి నొక్కబడినపుడు తానే ఒకదానిని విడిచిపెట్టు ఏర్పాటు కొన్ని కీబోర్డులలో చేరగా, వాల్వ్ సంస్థ 2024 ఆగస్టులో కౌంటర్-స్ట్రైక్ 2 అధికారిక సర్వర్లలో దానిని నిషేధించెను. ఒక్క నొక్కుతో పెక్కు కదలికలు చేయించు అమరికలకును అదే గతి పట్టినది. ఆటలో ప్రోగ్రామింగునకు హద్దు కలదని దీనివలన గ్రహింపనగును. మన సీమ యువకులలో ఫోనుమీదనే ఆడువారికి ఈ చర్చయంతయు అప్రస్తుతము.

యాబదిమూడవ మీట

ఇక వ్రాతకు వత్తము. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తన బంగళాలో పండితులను, లేఖకులను జీతములపై నిలిపి, తాటాకు గ్రంథములకు శుద్ధప్రతులు వ్రాయించెను. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో మద్రాసున అచ్చయ్యెను. జానుమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వలన ఆ బంగళా నిలిచిన స్థలముననే నేడు బ్రౌన్ గ్రంథాలయము నడచుచున్నది. ఆనాటి లేఖకుని గంటమునకు గుణింతమైనను, వత్తైనను ఒక్కటే శ్రమ. అచ్చుకూటమునకు మాత్రము ఒక్కొక్క గుణింతమునకు, ఒక్కొక్క వత్తునకు వేరు అచ్చు కావలసివచ్చి, కంపోజిటరు ముందు వందలకొలది గళ్లు వెలసినవి. టైపురైటరు వచ్చినపుడు ఆ వందలను నలువదియారు మీటలలో, షిఫ్టుతో కలిపి తొంబదిరెండు చోట్లలో ఇముడ్చుటకు లిపి ఎంతో సొగసును వదలుకొనవలసివచ్చెను.

ఈ చిక్కును తొలగించినది యూనికోడ్. అది అక్షరముల ఆకారములను గాక అక్షరములనే లెక్కించి, తెలుగునకు 128 స్థానములను కేటాయించినది. ‘క్ష్మ’ యెట్లు కనబడవలెనో ఫాంటు చూచుకొనును. వ్రాయువాడు క, పొల్లు, ష, పొల్లు, మ అని వరుసగ చెప్పిన చాలును. భారత ప్రభుత్వము 1986లో రూపొందించి 1991లో ప్రమాణముగ ప్రకటించిన ఇన్‌స్క్రిప్ట్ అమరిక ఈ పద్ధతికి సరిగ సరిపడునది. అందు గుణింతపు గుర్తులు ఎడమచేతి క్రింద, హల్లులు చాలవరకు కుడిచేతి క్రింద నుండును గావున వ్రాత రెండు చేతుల నడుమ ఊగుచు సాగును. ‘కడప’ యనుటకు మూడే మీటలు. ఇంగ్లీషు అక్షరములతో ధ్వనిని వ్రాసి తెలుగుగ మార్చు పద్ధతిలో ఆరు మీటలు, పైగా ‘డ’కు షిఫ్టు. ‘రాయలసీమ’కు ఇక్కడ ఏడు, అక్కడ పది, రెండు షిఫ్టులు.

ఇన్‌స్క్రిప్ట్ భారతీయ లిపులన్నింటికి ఉమ్మడి అమరిక. హిందీకి హ్రస్వమైన ఎ, ఒ లతో నిత్యావసరము లేదు. తెలుగునకు అవి లేక పూట గడవదు. ఉమ్మడి యింటిలో ఆ రెండింటికి మూలగదులు దక్కినవి. హ్రస్వ ఎత్వము ‘జెడ్’ మీటకు చేరినది. హ్రస్వ ఒత్వమో, అంకెల వరుసకు ఎడమకొసన, ఒకటికి ప్రక్కన నుండు మీటకు చేరినది. యూఎస్‌బీ ప్రమాణమున ఆ మీట సంఖ్య 53. దానిని నొక్కిన ‘ొ’, షిఫ్టుతో నొక్కిన ‘ఒ’ వచ్చును.

అరువది శాతపు కీబోర్డున ఆ మూల యేమైనదో చూడుడు. పూర్ణ కీబోర్డున ఎస్కేప్ మీట పైవరుసలో, ఎఫ్1కు ఎడమప్రక్కన నుండును. పైవరుస పోగా ఎస్కేప్ క్రిందికి దిగి, 53వ మీటను వెళ్లగొట్టి దాని చోట కూర్చున్నది. ఇంగ్లీషువానికి ఆ మీటతో కాచిత్కమైన అవసరమే గావున వాడు ఫంక్షన్ మీటను జతచేసి సర్దుకొనును. మనకు పోయినది చిన్న గుర్తు కాదు, ఒక స్వరము. ప్రొద్దుటూరు, కొండారెడ్డి బురుజు, కొప్పర్తి, జొన్నరొట్టె, కొర్రలు ఈ మీట లేక వ్రాయుట సాధ్యము కాదు. ఒంటిమిట్ట యను పేరునకు తొలి యక్షరమే వ్రాయుటకు ఫంక్షన్, షిఫ్టు, ఎస్కేప్ మూడింటిని ఒక్కసారి పట్టవలెను. పట్టులో ఫంక్షన్ జారినదా, ఎస్కేప్ తన పని తాను చేసి, తెరపైనున్న పెట్టెను మూసివేసినను మూసివేయును.

ధ్వనిని ఇంగ్లీషు అక్షరములతో వ్రాయు పద్ధతికి ఈ బాధ లేదు. 1990 దశకపు తొలినాళ్లలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగు విద్యార్థులు ఏర్పరచిన ఆర్‌టీఎస్ మొదలు నేటి వరకు ఆ మార్గమువారికి ఇరువదియారు అక్షరములును షిఫ్టును ఇంచుమించు చాలును. వారికి చిన్న కీబోర్డు పెద్దదానితో సమానమే. డీటీపీవారు, దస్తావేజు లేఖరులు ‘అను’ పేరుగల ఫాంట్లతో అలవాటుపడిన అమరికల సంగతి వేరు. అందు అక్షరపు ముక్కలు కీబోర్డంతటను చెదరియుండును గావున, మీట యేది పోయినను ముక్క యొకటి పోవును.

అర్థమును మార్చు అధికారము

మూడవ గుణమైన ప్రోగ్రామింగు ఇక్కడ ఆదుకొనును. కీబోర్డునకు తెలుగు రాదు, ఇంగ్లీషును రాదు. అది పంపునది సంఖ్య మాత్రమే. ‘కె’ మీట 14 అను సంఖ్యను పంపగా, దానిని ‘క’గనో ‘కె’గనో చూపుట కంప్యూటరు పని. ఏ మీట ఏ సంఖ్యను పంపవలెనో కీబోర్డులోనున్న చిన్న ప్రోగ్రాము నిర్ణయించును. దానిని మార్చుటకు వీలున్న కీబోర్డే నిజమైన ప్రోగ్రామబుల్ కీబోర్డు. జున్ వాకో వ్రాసిన టీఎంకే నుండి జాక్ హంబర్ట్ అభివృద్ధిపరచిన క్యూఎంకే అను ఉచిత ప్రోగ్రాము ఇందు ప్రసిద్ధము. ‘వయా’ అను ఉపకరణముతో, కోడు వ్రాయకయే, తెరపై మీటను చూపి అర్థము మార్చవచ్చును. మార్పు కీబోర్డులోనే నిలుచును గావున, మరియొకరి కంప్యూటరునకు తగిలించినను పోదు.

తెలుగువాడు చేయదగిన మొదటి మార్పు ఇది: క్యాప్స్‌లాక్ మీటకు 53వ సంఖ్య నిచ్చుట. ఇన్‌స్క్రిప్ట్ తెలుగులో పెద్దక్షరముల తాళముతో మనకు పని లేదు. అది ఎడమ చిటికెనవ్రేలికి ఆనుకొనియుండును. దాని ప్రక్కనున్న ‘ఏ’ మీటయే దీర్ఘమైన ‘ో’కు స్థానము. ఈ ఒక్క మార్పుతో హ్రస్వము, దీర్ఘము ఇరుగుపొరుగులగును. ఎస్కేప్ తన మూలన తాను నిలుచును. పూర్ణ కీబోర్డున గూడ ఈ సౌకర్యము లేదు! చిన్న కీబోర్డు పెద్దదానికంటె తెలుగునకు మేలుగ నుండు స్థితి ఇక్కడ వచ్చినది. అయితే ఆ మేలు చిన్నతనము వలన గాక మార్చుకొను స్వాతంత్ర్యము వలన వచ్చినది.

ఇట్టి కీబోర్డున మీటలకు పొరలు ఏర్పరచవచ్చును. ఒకే చేనున ఖరీఫునకు ఒక పంట, రబీకి మరియొకటి వేసినట్లు, ఒకే మీటకు ఒక్కొక్క పొరలో ఒక్కొక్క అర్థము. క్యూఎంకేలో ముప్పదిరెండు పొరల వరకు వీలుకలదు గాని మనిషి జ్ఞాపకమునకు మూడు నాలుగు చాలును: వ్రాతకొకటి, బాణపు గుర్తులకు అంకెలకు ఒకటి, ఆటకొకటి. మాటిమాటికి వచ్చు ‘క్ష’ను ఒక్క మీటకు కట్టివేసి, క, పొల్లు, ష మూడును వరుసగ పంపునట్లు చేయవచ్చును.

ఒక హెచ్చరిక. తట్టిన ఒక అర్థము, పట్టియుంచిన వేరొక అర్థము ఇచ్చునట్లు మీటను అమర్చుట చాలమందికి ఇష్టము. తట్టుటయో, పట్టుటయో తేల్చుకొనుటకు కీబోర్డు సామాన్యముగ 200 మిల్లీసెకన్లు చూచును. వ్రాతలో ఆ జాగు అలవాటగును. ఆటలో అట్టి మీటతో పరుగెత్తబోయినవాడు బయలుదేరకమునుపే పడిపోవును. మూడున్నర మిల్లీసెకన్లకై డబ్బు పోసి, అమరిక తప్పిదము వలన రెండువందలు పోగొట్టుకొనుట వివేకము కాదు. అందుచేత ఆట పొరను ద్వంద్వార్థములు లేక సాదాగ నుంచవలెను.

దుమ్ము, ఎండ, చప్పుడు

ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారముల చుట్టును, బేతంచెర్ల, బనగానపల్లె నాపరాతి పాలిషు యూనిట్ల చుట్టును నివసించువారికి సున్నపురాతి ధూళి నిత్యపరిచితము. మెకానికల్ స్విచ్చి పైభాగమున కాడ కదలుటకు సందు ఉండక తప్పదు. ఆ సందుననే సన్నని ధూళి దిగును. రేకుల నడుమ అది చేరినచో ఒక్క నొక్కునకు రెండక్షరములు పడుటయో, అసలు పడకపోవుటయో సంభవించును. యాబది మిలియన్ల నొక్కులకు ఓర్చునని తయారీదారులు చెప్పు లెక్క శుభ్రమైన ప్రయోగశాలలోనిదని మరువరాదు. స్విచ్చిని సోల్డరింగు లేక ఊడదీసి మార్చుటకు వీలున్న కీబోర్డును కొనుట, పని ముగియగనే గుడ్డ కప్పుట, అప్పుడప్పుడు మీటల తొడుగులను తీసి కుంచెతో దులుపుట మన ప్రాంతమున విలాసము గాదు, అవసరము. తాకు రేకులే లేని అయస్కాంతపు స్విచ్చునకు ఈ చిక్కు తక్కువ.

వేసవిలో నలువదిదాటు ఎండకు ప్లాస్టిక్ కరగునేమో యను శంక వలదు. మీటల తొడుగులకు వాడు ఏబీఎస్ మెత్తబడుటకు నూరు డిగ్రీల దరిదాపు వేడి కావలెను. చెమటయు వ్రేళ్ల జిడ్డును మాత్రము ఏబీఎస్‌ను త్వరలో నున్నగ మెరయించును. పీబీటీ తొడుగులు దానికి ఎక్కువకాలము ఓర్చును. వేడికి త్వరగ వయసు మళ్లునది బ్యాటరీ గావున, వైరుతో పనిచేయు కీబోర్డే మేలు.

ఇక చప్పుడు. మన యిండ్లలో మేజాగ తరచు వాడు కడప నల్లబండ గట్టిది. మీట అడుగంటిన తాకిడిని అది మ్రింగదు, తిరిగి గదిలోనికి విసరును. క్రింద దళసరి గుడ్డనో, రబ్బరు పరపునో వేసిన కొంత తగ్గును. నలుగురుండు హాస్టలు గదిలో నీలి స్విచ్చు తగవు తెచ్చును. ఎఱ్ఱదియో, గోధుమరంగుదియో ఎన్నుకొనుట మర్యాద.

ఎవరికి తగును

ఆటయే ప్రధానమైనవానికి చిన్న మెకానికల్ కీబోర్డు నిస్సంశయముగ తగును. వానికి ప్రోగ్రామింగుతో పని స్వల్పము. కోడు వ్రాయు విద్యార్థికి బాణపు గుర్తులు నిత్యావసరము గావున అరువది శాతపు దానికంటె అరువదియైదు శాతపుది హితము. ధ్వని పద్ధతిలో తెలుగు వ్రాయువానికి ఏదైనను ఒక్కటే.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయములలోను, మీసేవ కేంద్రములలోను పనిచేయువారికి చిన్నది తగదు. పన్నెండంకెల ఆధార్ సంఖ్యలు, సర్వే నంబర్లు, ఫోను నంబర్లు దినమంతయు ఎక్కించువానికి కుడిప్రక్కనున్న అంకెల గుంపు అలంకారము కాదు. దానిని వేరే పొరలోనికి నెట్టుట చేతికి శిక్ష. చిన్నదానితోబాటు అంకెల పలకను వేరుగ కొని తగిలించుకొనవచ్చును గాని, అపుడు చోటు ఆదా యను మాట పోయినట్లే. ‘అను’ ఫాంట్లతో పనిచేయు డీటీపీవారికిని పూర్ణ కీబోర్డే శరణ్యము.

ఇన్‌స్క్రిప్టులో తెలుగు వ్రాయువాడు కొనుటకు ముందు అంగడివానిని స్విచ్చి రంగును గూర్చియో, దీపముల వన్నెలను గూర్చియో గాక ఒక్క సంగతిని అడుగవలెను: ఏ మీట అర్థమునైనను, షిఫ్టుతో సహా, మార్చుకొనుటకు వీలు కలదా? రెండు మూడు వేల రూపాయలకు దొరకు చిన్న కీబోర్డులలో చాలవాటికి సాఫ్టువేరు ఉండును గాని, అది దీపములను మార్చుటకే యుపయోగించును. క్యూఎంకే, వయా పేర్లు పెట్టెపై నున్నచో ఆ వీలు గలదని తెలియవచ్చును. వీలున్నచో, ఇంటికి తెచ్చిన నాడే 53వ మీటను క్యాప్స్‌లాక్ చోటికి తెచ్చి, రెండు వారములు దానితో ఓపికగ వ్రాసినయెడల వ్రేళ్లు కొత్తదారిని నేర్చుకొనును. వీలు లేనిచో, ఎంత ముచ్చటగ నున్నను దానిని అంగడిలోనే వదలి రావలెను. మీటలు తగ్గుట లోపము గాదు. ఏవి తగ్గవలెనో నిర్ణయించు హక్కు మన భాష నెరుగనివాని చేతిలో మిగిలిపోవుట లోపము.